బావ కోసం కుట్టిన పరుపు

పరుపు సంచిలోకి దూది సర్దడం సగానికి వచ్చేసరికి లోపలి నుంచి మేకు కొడుతున్న చప్పుడు వినిపించింది. మోచేతుల దాకా దూదిలో ఉన్న మేస్త్రీ చేతులు అలాగే ఆగిపోయాయి. మూడు దెబ్బలు, కాస్త విరామం, మళ్ళీ రెండు. లేచి చూడకుండానే ఏం జరుగుతోందో అతనికి తెలిసిపోయింది. అద్దం! ముప్పై ఒక్క ఏళ్ళుగా తను గడ్డం గీసుకుంటున్న అద్దం, కింది మూల నల్లబడినా మొహాన్ని ఉన్నదున్నట్టు చూపించే అద్దం, ఇవాళ పక్కగదికి కాపురానికి వెళ్ళిపోయింది.

మొన్న గోడ గడియారం వెళ్ళింది. నిన్న టేబుల్ ఫ్యాను. అంతకుముందు చేతుల కుర్చీ, మూతున్న గాజు కూజా, కూతురు కొనిపెట్టిన కొత్త దుప్పటి. అడిగితే పది రోజులేగా, మళ్ళీ తెచ్చేసుకుందాం అంటుంది భార్య. అలా ఒక్కొక్కటీ తరలిపోగా తమ పడకగదిలో ఇప్పుడు మిగిలినవి మంచం, దాని మీద పాత పరుపు, గడియారం తీసేసిన చోట గోడ మీద గుండ్రటి తెల్ల మచ్చ. పొద్దున్న లేచి టైమెంతయిందోనని అలవాటుకొద్దీ ఆ మచ్చ వంక చూసి, మేస్త్రీ ఆ రోజుకి మొదటిసారి పళ్ళు నూరుకున్నాడు.

ఈ వైభోగమంతా ఎవరికయ్యా అంటే, ఆమె బావకి. సొంత మేనత్త కొడుకు. ఎక్కడో దూరాన బళ్ళో డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయి రెండేళ్ళయింది. సెలవులకి కోడలు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్తోందనీ, ఇల్లు బోసిపోతుందనీ ఫోనులో అంటే, అయితే ఆ పది రోజులూ మా ఇంటికి వచ్చి ఉండు బావా అని ఈమె పిలిచింది. ఆయన సరే అన్నాడు. ఆ ఫోను పెట్టేసిన సాయంత్రమే ఆమె చీర కొంగు నడుముకి దోపి దూది బస్తాలు పెట్టుకునే పక్కగది ఖాళీ చేయడం మొదలుపెట్టింది.

ఆ బావ వరసకి మేస్త్రీకి అన్న అవుతాడు. పిలిస్తే అన్నయ్యా అని నోరారా పిలవాలి. లోకంలో ఎవరి మీద కుళ్ళుకున్నా పర్వాలేదు గానీ వరసకి అన్నయిన మనిషి మీద కుళ్ళుకుంటే పైకి చెప్పుకునే వీలు కూడా ఉండదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా మేస్త్రీ చెప్పుకోలేదు.

అతనికి యాభై ఎనిమిది. సన్నటి మనిషి. కనుబొమల్లో, చెవుల మీది వెంట్రుకల్లో ఎప్పుడూ నూగు అంటుకుని ఉంటుంది. తుడిచినా ఓ గంటకి మళ్ళీ వచ్చి చేరుతుంది. కుడిచేతి బొటనవేలి కింద దబ్బనం ఒరుసుకుని కాయకట్టిన చోటు బల్లచెక్కలా గట్టిపడింది. దూదేకే పాత విల్లు వసారా గోడకి వేలాడుతోంది. పదిహేనేళ్ళుగా ఏకడం మిషను మీదే అయినా దాన్ని తీసేయడానికి మనసొప్పలేదు. ఈ వీధిలో అతని పేరు ఎవరికీ తెలియదు, అవసరమూ పడలేదు. పరుపుల మేస్త్రీ అంటే చాలు, సైకిలు షాపువాడు కూడా చెయ్యెత్తి ఇల్లు చూపిస్తాడు. పెళ్ళిళ్ళకి, లాడ్జీలకి, ఆస్పత్రికి, బాలింతలకి, మంచం పట్టిన ముసలివాళ్ళకి ఎన్ని కుట్టాడో లెక్కలేదు. అతను కుట్టిన పరుపు మధ్యలో కుంగిందని తిరిగొచ్చిన మనిషి ఇంతవరకూ లేడు. మనిషి ఎంత కుంగినా పరుపు కుంగకూడదని చమత్కారంగా అనేవాడు.

తన సొంత పరుపు సంగతి వేరు. పెళ్ళయి ఆమె ఈ ఇంటికి వచ్చిన రోజున ఇంట్లో ఉన్నది ఒకే గది. అందులో చూరు దాకా దూది బస్తాలు. మొదటి రాత్రి కొత్త పెళ్ళికూతురు బస్తాల మీదే పడుకుంది. తెల్లారి లేచేసరికి జుట్టునిండా దూది. ఒక్క రాత్రిలో ముసలిదాన్నయిపోయానంటూ పకపకా నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయిన మేస్త్రీ, నెల తిరక్కుండా నీకు మంచి పరుపు కుడతానన్నాడు. ఆ నెల ఇంకా తిరగలేదు. ఎవరెవరి పరుపుల్లోంచో మిగిలిన దూది పోగుచేసి కుట్టిన ఓ ముక్కల పరుపు మీదే ఈ కాపురమంతా నడిచింది. దాని మధ్యలో గుంట. ఎవరు ఏ అంచున పడుకున్నా తెల్లారేసరికి ఇద్దరూ ఆ గుంటలోకి దొర్లి ఉంటారు. ఎనిమిదో ఏట ఒకసారి ఆమె గుర్తుచేసింది. పని ఒత్తిడి తగ్గనీ అన్నాడు. ఆ తరవాత ఆమె అడగలేదు, అతనూ ఎత్తలేదు.

అలాంటిది, వారం కిందట భోజనం వడ్డిస్తూ, బావకి కొత్త పరుపొకటి కుట్టండి, మంచి దూది వెయ్యండి అని ఎంతో తేలిగ్గా అనేసింది. మేస్త్రీ చేతిలోని ముద్ద తిరిగి కంచంలో పెట్టేశాడు.

చేతిలో సుత్తి పట్టుకుని ఆమె వసారాలోకి వచ్చింది. రెండు చేతులకీ సున్నం. గదికి రెండు పూతలు తనే వేసుకుంది. ముక్కు మీద కూడా ఓ తెల్ల చుక్క ఉంది. ఇంకో రోజయితే మేస్త్రీ తన పైపంచె కొసతో దాన్ని తుడిచి ఉండేవాడు.

"ఎంతవరకూ వచ్చిందండీ?" అంది.

"వస్తోంది."

"కాస్త ఎత్తుగా రావాలి. బావకి నడుంనొప్పి. కోడలు వేసిన స్పాంజి పరుపు మీద నిద్రే పట్టడం లేదట."

"మరి మనకి పడుతోందా?"

"మనకేం, అలవాటైపోయింది," అని ఆమె సంచిలో చెయ్యిపెట్టి దూదిని నొక్కి చూసింది. ముప్పై ఏళ్ళుగా మేస్త్రీతో కాపురం చేసిన చెయ్యి. దూదిని నొక్కితే దాని వయసు చెప్పగలదు. తృప్తిగా తలాడించింది.

మేస్త్రీ ఉండబట్టలేక అడిగేశాడు. "ఒక్క మనిషి కోసం ఇంత హంగామా ఎందుకూ అని."

ఆమె సుత్తి గుమ్మం పక్కన పెట్టింది. "మనింటికొచ్చి ఇన్నేళ్ళలో ఎవరు ఉన్నారండీ నాలుగు రోజులు? మా అక్కలైనా, మీ చెల్లెలైనా, టీ తాగి బస్సుకి టైమైందనేవాళ్ళే. పడుకోడానికి చోటేది మరి? ఒక్కరైనా ఇక్కడ నిద్రపోయి, లేచి, బాగా పట్టిందమ్మా అనాలి. అంతే."

ఆమె చెప్పింది అంతా వినే ఉంటే ఈ కథ ఇలా జరిగేది కాదు. మేస్త్రీ చెవికి ఎక్కిందల్లా బావ, నడుంనొప్పి అన్న రెండు మాటలే. వచ్చేవాడి నడుం సంగతి ఈమెకి తెలుసు. కట్టుకున్నవాడు పొద్దున్నే గోడ పట్టుకుని లేస్తున్న సంగతి తెలుసా? దూది గుప్పిట పట్టాడు. ఆమె లోపలికి వెళ్ళి ఏదో పాట కూనిరాగం తీస్తూ కిటికీకి నీలం తెర కట్టడం అద్దంలో కనిపించింది. ఆ అద్దం కూడా ఇప్పుడు అటువైపు మనిషే కదా.

ఆ కూనిరాగం దగ్గరే అతనికి తిక్కరేగింది. అది పాత రాగం. మొదటిసారి విన్నది ముప్పై మూడేళ్ళ కింద, ఆమె తండ్రి వాకిట్లో. అప్పుడు మేస్త్రీ పాతికేళ్ళవాడు, విల్లు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగేవాడు. ఆ పెద్దాయన పిలిచి, సెలవులకి మా మేనల్లుడొస్తున్నాడు, మా అమ్మాయిని చేసుకోబోయేవాడు, అతను పడుకోడానికి మంచి పరుపు కావాలి అన్నాడు. మేస్త్రీ రెండు రోజులు ఆ వాకిట్లో కూర్చుని ఏకి, నింపి, కుట్టాడు. ఆ రెండు రోజుల్లో ఆ పిల్ల ఆరుసార్లు చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "ఎంతవరకూ వచ్చింది?" బావ వస్తున్నాడని ఎంత ఆత్రమో అనుకున్నాడు మేస్త్రీ. ఆ బావ వచ్చాడు, పడుకున్నాడు, వెళ్ళాడు. వాళ్ళమ్మకి వేరే సంబంధం నచ్చి ఈ పెళ్ళి తప్పిపోయింది. రెండేళ్ళు తిరిగాక, పనిలో నిజాయితీ ఉన్న కుర్రాడు అంటూ ఆ పెద్దాయన పిల్లని మేస్త్రీకే ఇచ్చాడు. అందరూ అదృష్టమన్నారు. మేస్త్రీ కూడా అవునన్నాడు. కానీ ఎవరికో వండిన భోజనం ఆ ఎవరో రాకపోతే తనకి వడ్డించినట్టు, లోపల ఓ ముల్లు అప్పటినుంచీ కలుక్కుమంటూనే ఉంది. ఇవాళ కూడా ఆమె అదే ప్రశ్న అడిగింది.

పరుపుకి ప్రాణం టాకాలు. దూదిని ఎంత మంచిగా ఏకినా, ఎంత సమంగా పరిచినా, జానెడుకొక చోట దబ్బనాన్ని పైనుంచి కిందికి దించి, మళ్ళీ పైకి లాగి, ముడి బిగించకపోతే అది నిలవదు, పక్కలకి జారిపోతుంది. నింపాక కర్రతో కొట్టి అణచడం కూడా అందుకే. ఇది పరుపులు కుట్టే ఇంట్లో పాకే పిల్లలకి కూడా తెలుసు. మేస్త్రీ మిగిలిన దూదంతా సంచి రెండు పక్కలకీ దట్టించాడు. మధ్యలో గాలికి ఎగిరేటంత తేలిగ్గా, పొంగించి వదిలేశాడు. కర్ర ముట్టుకోలేదు. మూతి కుట్టాడు. తరవాత దబ్బనం తీసుకుని నలభై రెండు చోట్ల పై గుడ్డకి మాత్రమే దారం ఎక్కించి ముడులు వేశాడు. ఒక్క దారమూ కింది దాకా దిగలేదు. పైనుంచి చూస్తే వరసలు తీర్చిన టాకాలు; తిరగేస్తే అడుగు గుడ్డ నున్నగా, ఖాళీగా ఉంది. అంత చక్కగా దొంగపని చేయగలనని అతనికే తెలియదు. ఒక్కసారి మాత్రం, ఇన్నేళ్ళ అలవాటున దబ్బనం తనంతట తనే కిందికి దిగబోతే వెనక్కి లాక్కున్నాడు.

పరుపు పొంగిన పూరీలా మంచం మీద ఎత్తుగా కూర్చుంది. ఆమె దాన్ని చూసి మురిసిపోయింది. ఇన్నేళ్ళలో మీరు ఇంత ఎత్తు పరుపు కుట్టగా నేను చూళ్ళేదంది. కొత్త దుప్పటి పరిచి, నాలుగు మూలలూ లాగి, దిండు దులిపి పెట్టింది. మంచం పక్క బల్ల మీద గాజు గ్లాసులో పెరటి పూలు. బల్బుకి మందపాటి కాగితంతో తనే చేసిన గొడుగు. కాళ్ళవైపు, ఈ పని కోసమే కొన్న ఎర్ర అంచు తెల్ల తువ్వాలు నాలుగు మడతలు. గుమ్మంలో నిలబడి తల అటూ ఇటూ వంచి చూసుకుంది. ఆ మొహంలో ఉన్న వెలుగు మేస్త్రీ కంట పడింది. తన కోసం ఆ మొహం ఎప్పుడైనా అలా వెలిగిందా అని వెతుక్కుంటే, జుట్టులో దూదితో నవ్విన ఆ మొదటి పొద్దు తప్ప ఇంకేమీ గుర్తుకు రాలేదు. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టయింది. చేసిన పని మంచిదే అనుకున్నాడు.

అదే రోజు పన్నెండు దాటాక బావ ఆటో దిగాడు. మేస్త్రీ ఊహల్లో ఇన్నేళ్ళూ ఇరవై ఏడేళ్ళవాడుగా ఉండిపోయిన మనిషి, చేతిలో చిన్న సంచితో, నడుం మీద ఓ చెయ్యి వేసుకుని, గుమ్మం దగ్గర చెప్పులు విప్పడానికి గోడ ఆసరా వెతుక్కున్నాడు. తల ముగ్గుబుట్ట. చూపుడువేలి మీద మాత్రం ఏదో రంగు మరక ఇంకా పోకుండా ఉంది. "ఏం తమ్ముడూ," అంటూ మేస్త్రీ రెండు చేతులూ పట్టుకున్నాడు. మేస్త్రీ ఏదో గొణిగి చేతులు విడిపించుకున్నాడు.

ఆమె ముందు గది చూపించింది, తరవాతే కాళ్ళకి నీళ్ళిచ్చింది. బావ గడప దగ్గరే నిలబడిపోయాడు. తెర చూశాడు, పూలు చూశాడు, కాగితం గొడుగు దగ్గరికి వెళ్ళి మడతలు లెక్కపెట్టినట్టు చూశాడు. ఇంత అందంగా పెట్టావేంటే, నేనేమైనా కలెక్టరునా అన్నాడు. ఆమె నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. భోజనాల దగ్గర వాళ్ళిద్దరూ చిన్నప్పటి పెంకుటింటి గురించి, పోయినవాళ్ళ గురించి, ఎవరి పెళ్ళిలోనో కూలిన పందిరి గురించి మాట్లాడుకున్నారు. మేస్త్రీ పెరుగన్నం దాకా తలెత్తలేదు. నవ్వు వినిపించినప్పుడల్లా లోపల ఒక్కో మెతుకూ రాయిలా దిగింది. తినగానే బావ నడుం వాలుస్తానని గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

మేస్త్రీ వసారాలో కూర్చుని, చేతికి దొరికిన పాత పరుపొకటి విప్పుతున్నట్టు నటించాడు. నిజానికి చెవులు తలుపు మీదే ఉన్నాయి. మొదట ఏమీ లేదు. తరవాత మంచం కిర్రుమంది. కాసేపటికి మళ్ళీ. ఇటు తిరిగాడు. అటు తిరిగాడు. దూది జారుతోంది, మధ్యలో పొంగు అణిగిపోతోంది, నడుం కింద ఇక మంచం చెక్కే మిగులుతుంది. గోడ అవతల జరిగేదంతా అతనికి కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది. మొదట కడుపు చల్లబడింది. ఐదోసారి కిర్రుమన్నప్పుడు అంత చల్లగా అనిపించలేదు. ఆ తరవాత చాలాసేపు నిశ్శబ్దం. అది ఇంకా కష్టంగా ఉంది. ఒకసారి ఒక మూలుగు వినిపించింది, అదీ వినిపించకూడదని నోట్లోనే నొక్కేసుకున్న మూలుగు. మేస్త్రీ లేచి, పని లేకపోయినా వాకిట్లోకి వెళ్ళి, తిరిగొచ్చి కూర్చున్నాడు.

నాలుగింటికి బావ బయటికొచ్చాడు. మొహం కడుక్కున్నాడు, జుట్టు దువ్వుకున్నాడు, చేతిలో సంచి ఉంది. ఆమె టీ గ్లాసుతో వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. తన సొంత తమ్ముడి కొడుకు ఫోను చేశాడట, అర్జెంటుగా రమ్మంటున్నాడట, ఐదింటి బస్సుకే వెళ్ళాలట. ఏం పనో ఆమె అడిగింది. ఏదో స్థలం కాగితాల పనన్నాడు. చేతకానివాడు చెప్పే అబద్ధంలా ఆ మాటలు తడబడ్డాయి. రేపు పొద్దున్న వెళ్ళొచ్చుగా, ఈ ఒక్క రాత్రి ఉండు బావా అని ఆమె రెండుసార్లు అడిగింది. ఇంకోసారి తప్పకుండా వస్తాను, నువ్వు సర్దిన గది ఎక్కడికీ పోదుగా అన్నాడాయన. నిద్ర పట్టిందా అని అడిగితే, హాయిగా పట్టిందమ్మా అన్నాడు. చెప్పులు తొడుక్కుంటూ వంగి ఆమెతో మెల్లగా ఇంకేదో చెప్పాడు. అది మేస్త్రీకి వినిపించలేదు.

సంచి మోస్తూ మేస్త్రీ బస్టాపు దాకా వెళ్ళాడు. మనిషి వెళ్ళిపోతున్నాడు, కోరుకున్నది జరిగింది, అయినా కాళ్ళు ఈడ్చుకుంటూ నడుస్తున్నది తనేనేమో అనిపించింది. సిమెంటు బెంచీ మీద బావ ఒక్కో అంగుళమూ ఆచితూచి కూర్చున్నాడు.

"తమ్ముడూ, ఒక మాటంటే ఏమీ అనుకోవుగా?"

"చెప్పండన్నయ్యా."

"ఈ పని ఇంక తగ్గించుకో. చేతులకీ వయసొస్తుంది. నాకూ అంతే అయింది. చివరి ఏడాది బోర్డు మీద గుండ్రం గీస్తే, పిల్లలు కోడిగుడ్డన్నారు. నాకు మాత్రం గుండ్రంగానే కనిపించింది." నవ్వి, మేస్త్రీ కుడిచేతిని తీసుకుని బొటనవేలి కింద కాయని తడిమాడు. "నువ్వు మీ మామగారి వాకిట్లో కుట్టిన పరుపు ఉందే, వెళ్ళేటప్పుడు ఆయన నాకే ఇచ్చేశాడు. ఇప్పటికీ అటక మీద ఉంది. స్పాంజిది వచ్చాక కోడలు పారేద్దామంది, నేను పడనివ్వలేదు. ఆ మధ్య దూది ఏకిద్దామని మా ఊరి మేస్త్రీని పిలిస్తే, టాకాలు చూసి, వీటిని విప్పడానికి చెయ్యి రావట్లేదండీ అని వెళ్ళిపోయాడు. ముప్పై మూడేళ్ళు! ఒక్కటి ఊడలేదు. అలాంటి చేతులు నీవి. ఇవాళ మధ్యలో కొంచెం కుంగిందంతే. మా మరదలితో అనకు, బాధపడుతుంది."

మేస్త్రీ తేలు కుట్టిన దొంగలా అలాగే ఉండిపోయాడు. నా చేతులు బాగానే ఉన్నాయి, నలభై రెండు టాకాలూ కళ్ళు మూసుకుని వెయ్యగలను అని అరవాలనిపించింది. అరిస్తే, మరి ఇవాళ ఎందుకు వెయ్యలేదని అడుగుతాడు. నీచుడినని ఒప్పుకోవాలి, లేదా చేతకానివాణ్ణని ఒప్పుకోవాలి. మూడో దారి లేదు. ఈ మనిషి ముందు తనకి మిగిలింది ఆ చేతిపని ఒక్కటే. దాన్ని కూడా పొద్దున్న తనే వసారాలో కూర్చుని, వరసగా, ముడి తరవాత ముడిగా పోగొట్టుకున్నాడు.

"అవునన్నయ్యా," అన్నాడు చివరికి. "ఈ మధ్య పట్టు తప్పుతోంది."

బావ అతని భుజం తట్టాడు. బస్సు వచ్చింది. కండక్టరు చెయ్యందిస్తే పట్టుకుని ఎక్కి, కిటికీ పక్కన కూర్చోకుండా వెనక చువ్వ పట్టుకుని నిలబడ్డాడు. సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ఆ నడుముకి ఇక కూర్చోవడం కూడా కష్టమేనని మేస్త్రీకి అర్థమైంది. బస్సు మలుపు తిరిగింది.

ఇంటికి వచ్చేసరికి వీధిలైట్లు ఇంకా వెలగలేదు. గదిలో ఆమె మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. దుప్పటి ఒక పక్కకి తీసేసి ఉంది. పరుపు మూల ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో అడుగు గుడ్డని తడుముతోంది. నున్నగా, ఒక్క ముడి లేని గుడ్డ. మేస్త్రీ గడప దగ్గరే ఆగాడు.

"ఇంక మీ ఆయన చేత పని మాన్పించమ్మా, చేతులు పడిపోయాయి అన్నాడు బావ," అంది తల తిప్పకుండా. "జాగ్రత్తగా చూసుకోమన్నాడు."

మేస్త్రీ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మీ చేతులకేమీ కాలేదు."

"కాలేదు," అన్నాడు. "కావాలనే చేశాను."

ఆమె తనని దూది ఏకినట్టు ఏకిపారేస్తే బాగుండునని ఎదురుచూశాడు. అరిచినా, ఏడ్చినా, ఎందుకు చేశారని అడిగినా తట్టుకోవచ్చు. ఆమె పరుపు మూల మెల్లగా దించింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. గ్లాసులో పూలు అప్పుడే తల వాలుస్తున్నాయి. వాటిని సర్దబోయి, ఎవరి కోసమన్నట్టు ఆగిపోయింది.

"నాలుగే గంటలు ఉన్నాడు," అంది. "పది రోజులనుకున్నాను." గుమ్మం దాకా వచ్చి, అతని పక్కగా దాటబోతూ నిలబడింది. "ఆ రెండ్రోజులూ మా వాకిట్లోకి ఆరుసార్లు నీళ్ళు తెచ్చాను. బావ పరుపు ఎంతవరకూ వచ్చిందో నాకెందుకు? అది అయిపోతే మీరు వెళ్ళిపోతారు. ఇంకా ఎంత మిగిలుందో చూసుకోడానికి వచ్చేదాన్ని."

అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెలు కదిలిన చప్పుడు వినిపించింది. రోజూ ఉండే చప్పుడే.

మేస్త్రీ వసారాలోకి వెళ్ళి దబ్బనం, దారపుండ తెచ్చాడు. బల్బు వేశాడు. కాగితం గొడుగులోంచి పసుపురంగు వెలుగు మంచం మీద పడింది. దారం ఎక్కించి, మొదటి టాకా ఎక్కడ మొదలుపెట్టాలా అని పరుపు మీదికి వంగాడు. దూది రెండు పక్కలకీ జారిపోయి మధ్యలో నిలువునా గుంట పడి ఉంది, పక్కగదిలో తమ మంచం మీద ఉన్న గుంటలాంటిదే. ఆ గుంటలో, దుప్పటి కింద ఎవరికీ కనిపించకుండా బావ నడుముకి ఆసరాగా పెట్టుకుని తీయడం మరిచిపోయినట్టున్నాడు, ఆమె నాలుగు మడతలు పెట్టిన ఎర్ర అంచు తువ్వాలు, ఎనిమిది మడతలై, మధ్యలో కాస్త అణిగి అలాగే ఉంది.